ట్రౌటా, హార్పరా? జట్టు ఎవరి చుట్టూ కట్టాలో లెక్కతో తేల్చుకోవడం ఎలా

2012 ఏప్రిల్ 28న బేస్‌బాల్‌లో ఇద్దరు కుర్రాళ్లు ఒకే రోజు రంగంలోకి వచ్చారు. ఏంజెల్స్ జట్టు మైక్ ట్రౌట్‌ని మైనర్ లీగ్ (మేజర్ లీగ్‌కి కింది స్థాయి) నుంచి మళ్లీ పైకి పిలిపించింది. వాషింగ్టన్ నేషనల్స్ తరఫున బ్రైస్ హార్పర్ డాడ్జర్ స్టేడియంలో మొట్టమొదటి మేజర్ లీగ్ ఆట ఆడాడు. ట్రౌట్‌కి అప్పుడు 20 ఏళ్లు, హార్పర్‌కి 19. సీజన్ ముగిసేసరికి ఇద్దరూ తమ తమ లీగుల్లో రూకీ ఆఫ్ ద ఇయర్ (ఏడాదిలో ఉత్తమ కొత్త ఆటగాడు) అయ్యారు. "కొత్త జట్టు కడితే ఈ ఇద్దరిలో ముందు ఎవరిని తీసుకుంటావు?" అన్న ప్రశ్న అప్పుడు మొదలై పదేళ్లకు పైగా సాగింది.

ఇలాంటి వాదన గంటలు గడిచినా తేలదు. ఒకాయన వచ్చే సీజన్ గురించి మాట్లాడుతుంటాడు, ఇంకొకాయన పదేళ్ల తర్వాతి సంగతి చెబుతుంటాడు, మూడో ఆయన ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) ట్రోఫీలు లెక్కపెడుతుంటాడు. కింద చెప్పిన వరసలో వెళ్తే ఒక స్ప్రెడ్‌షీట్, రెండు గంటల సమయం చాలు. ట్రౌట్–హార్పర్ జంటనే ఉదాహరణగా పట్టుకుందాం. రేపు మీరు వేరే ఇద్దరిని పెట్టుకున్నా లెక్క మారదు. గణాంకాలు బేస్‌బాల్ రిఫరెన్స్, ఫ్యాన్‌గ్రాఫ్స్ సైట్లలో ఉచితంగానే దొరుకుతాయి.

ముందు తేదీ, తర్వాత ప్రశ్న

కాగితం మీద మొదట ఒక తేదీ రాయండి. మన ఉదాహరణకి 2012 అక్టోబర్ అనుకుందాం. ఆ తేదీ తర్వాత జరిగినదేదీ వాదనలోకి రాకూడదు. ఈ నియమం లేకపోతే "చూశావా, తర్వాత మోకాలు పోయింది" అనే మాటతో వాదన ముగిసిపోతుంది. అప్పుడు చేతిలో ఉన్న సమాచారంతో ఏది సరైన నిర్ణయం అన్నదే మనకు కావాలి.

తేదీ కింద ప్రశ్న రాయండి. "ఎవరు గొప్ప" అని రాయకండి. దానికి మూడు రూపాలున్నాయి, వాటిలో ఒకటి ఎంచుకోండి. వచ్చే ఒక్క సీజన్‌లో ఎవరు ఎక్కువ గెలిపిస్తారు? జట్టు చేతిలో చవగ్గా ఉండే సంవత్సరాలన్నీ కలిపితే ఎవరి వల్ల ఎక్కువ లాభం? రిటైరయ్యేదాకా ఒప్పందం ఇస్తే ఎవరికివ్వాలి? మూడింటికీ మూడు వేర్వేరు జవాబులు రావచ్చు. "జట్టు కట్టడం" అన్నప్పుడు చాలామంది మనసులో ఉండేది రెండోది, కాబట్టి ఇక్కడ అదే తీసుకుంటున్నాం.

ముడి అంకెలు ఎక్కించండి

బ్యాటింగ్ సగటు, హోమ్ రన్లు, ఆర్‌బీఐ (తన బ్యాటింగ్‌తో రప్పించిన పరుగులు) అనే మూడు అంకెలతో ఆగిపోవద్దు. ఆర్‌బీఐ ఎన్ని వస్తాయన్నది ముందు బ్యాటర్లు బేస్‌ల మీద ఉన్నారా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ట్రౌట్ 2012లో లీడాఫ్‌గా (బ్యాటింగ్ వరసలో మొదటివాడిగా) ఆడాడు కాబట్టి ఆ అంకె అతనికి అన్యాయం చేస్తుంది. షీటులో ఈ కాలమ్‌లు పెట్టండి: ప్లేట్‌కి వచ్చిన దఫాలు (బ్యాటింగ్‌కి దిగిన సార్లు), సింగిల్స్, డబుల్స్, ట్రిపుల్స్ (హిట్ కొట్టి ఒకటి, రెండు, మూడు బేస్‌లు చేరినవి), హోమ్ రన్లు, వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు పడి ఊరికే బేస్ దక్కినవి), బంతి తగిలి బేస్‌కి వెళ్లినవి, స్ట్రైకౌట్లు, దొంగిలించిన బేస్‌లు, దొంగిలించబోయి దొరికినవి.

2012 ట్రౌట్: 139 ఆటలు, 639 దఫాలు, 117 సింగిల్స్, 27 డబుల్స్, 8 ట్రిపుల్స్, 30 హోమ్ రన్లు, 67 వాక్‌లు, 6 సార్లు బంతి తగిలింది, 139 స్ట్రైకౌట్లు. 49 బేస్‌లు దొంగిలించి 5 సార్లు దొరికాడు.

2012 హార్పర్: 139 ఆటలు, 597 దఫాలు, 87 సింగిల్స్, 26 డబుల్స్, 9 ట్రిపుల్స్, 22 హోమ్ రన్లు, 56 వాక్‌లు, 2 సార్లు బంతి తగిలింది, 120 స్ట్రైకౌట్లు. 18 బేస్‌లు దొంగిలించి 6 సార్లు దొరికాడు.

సింగిల్స్ కాలమ్ సైట్లలో విడిగా కనబడకపోవచ్చు. మొత్తం హిట్లలోంచి డబుల్స్, ట్రిపుల్స్, హోమ్ రన్లు తీసేస్తే వస్తుంది. తీసేయడం మరిచిపోతే తర్వాతి లెక్కలో హోమ్ రన్‌కి రెండుసార్లు మార్కులు పడతాయి. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే.

పరుగుల్లోకి మార్చండి

ఓపీఎస్ అనే అంకె చూసి సరిపెట్టుకోవచ్చు గానీ అందులో ఒక లోపం ఉంది. బేస్ చేరే శాతాన్ని, స్లగింగ్‌ని (హిట్లతో దఫాకి సగటున దక్కే బేస్‌ల లెక్క) సమానంగా కూడేస్తుంది. పరుగులు తెప్పించడంలో బేస్ చేరడం విలువ దానికంటే బాగా ఎక్కువ. అందుకే వోబా వాడండి. ప్రతి ఫలితానికి అది సగటున ఎన్ని పరుగులు తెచ్చిపెడుతుందో చూసి బరువు ఇచ్చే పద్ధతి ఇది. బరువులు ఏడాదికేడాది కొద్దిగా మారతాయి. ఈ గుండ్రని అంకెలు మన పనికి చాలు: వాక్ 0.69, బంతి తగలడం 0.72, సింగిల్ 0.88, డబుల్ 1.25, ట్రిపుల్ 1.6, హోమ్ రన్ 2.05.

ట్రౌట్‌కి గుణించి కూడితే 261.6 వస్తుంది. 639తో భాగిస్తే 0.409. హార్పర్‌కి 208.6. అతని దఫాల్లో బంట్లు (తోటివాడిని ముందుకి పంపడానికి బంతిని మెల్లగా తట్టి ఔటైనవి) పోగా మిగిలిన 594తో భాగిస్తే 0.351. ఆ ఏడాది లీగ్ సగటు 0.315.

ఈ తేడాని పరుగులుగా మార్చడానికి సూత్రం ఇది: ఆటగాడి వోబా నుంచి లీగ్ సగటు తీసెయ్యండి, 1.24తో భాగించండి, దఫాలతో గుణించండి. సగటు బ్యాటర్‌తో పోలిస్తే ట్రౌట్ దాదాపు 48 పరుగులు, హార్పర్ దాదాపు 17 పరుగులు ఎక్కువ తెచ్చారు. తేడా 31. పది పరుగులకి ఒక గెలుపు అన్న లెక్కన, ఒక్క బ్యాట్‌తోనే మూడు గెలుపులు.

ఇక్కడ మైదానం సవరణ ఉంటుంది. ఏంజెల్స్ మైదానం పిచ్చర్లకు (బంతి విసిరేవాళ్లకు) అనుకూలం. కుడివైపు గోడ అప్పట్లో 18 అడుగుల ఎత్తుండేది, 2018లోనే దాన్ని తగ్గించారు. పార్క్ ఫ్యాక్టర్ (మైదానం పరుగుల్ని ఎంత పెంచుతుందో, తగ్గిస్తుందో చెప్పే అంకె) తీసుకునేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం. ఒక్క ఏడాది అంకె నమ్మకండి, కనీసం మూడేళ్ల సగటు చూడండి. ఆటగాడు సొంత మైదానంలో ఆడేది సగం ఆటలే కాబట్టి సవరణ కూడా సగమే వెయ్యండి. మైదానం పరుగుల్ని 6 శాతం తగ్గిస్తుంటే ఆటగాడికి 3 శాతమే కలపాలి. కొన్ని సైట్లు ముందే సగం చేసి చూపిస్తాయి. ఆ పేజీ వివరణ చదవకుండా మళ్లీ సగం చేస్తే సవరణ పావుకి పడిపోతుంది.

అదృష్టాన్ని ఒక్కసారే కోయండి

ట్రౌట్ ఆడి మైదానంలో పడ్డ బంతుల్లో 38.3 శాతం హిట్లయ్యాయి. హార్పర్‌కి అది 31 శాతం. లీగ్‌లో మామూలుగా 30 శాతం దగ్గర ఉంటుంది. ట్రౌట్ లాంటి వేగమున్నవాడికి సగటు కంటే ఎక్కువ రావడం సహజమే కానీ 38 శాతం ఏటా నిలబడదు. హార్పర్ పక్షాన వాదించేవాళ్లు ఈ మాట ఎత్తకపోతే తమ చేతిలో ఉన్న గట్టి ఆయుధాన్ని వదిలేసుకున్నట్టే.

ఎంత కోయాలన్నదానికి గణాంక నిపుణుడు టామ్ ట్యాంగో తయారుచేసిన మార్సెల్ అనే సులువైన పద్ధతి ఉంది. తాజా సీజన్‌కి 5, దాని ముందు సీజన్‌కి 4, ఇంకా ముందు దానికి 3 చొప్పున బరువు ఇస్తారు. దాని మీద లీగ్ సగటు ఆటగాడివి 1200 దఫాలు కలుపుతారు. చివర వయసు సవరణ: 29 కంటే ఎన్నేళ్లు చిన్నవాడైతే అన్ని 0.6 శాతాలు పెంచాలి; పెద్దవాడైతే ఏడాదికి 0.3 శాతం తగ్గించాలి. అసలు పద్ధతిలో సింగిల్స్, వాక్‌లు ఇలా ఒక్కోదాన్నీ విడిగా లెక్కిస్తారు. మన వాదనకి నేరుగా వోబా మీద వేసినా పెద్ద తేడా రాదు.

ట్రౌట్‌కి 2011లో 135 దఫాలున్నాయి. వాటిలో అతని వోబా 0.292 మాత్రమే. 2012కి 639ని 5తో గుణిస్తే 3195, 2011కి 135ని 4తో గుణిస్తే 540, వాటికి లీగ్ సగటు 1200. మొత్తం 4935 దఫాల మీద సగటు తీస్తే 0.373. 2013లో అతని వయసు 21, అంటే 4.8 శాతం పెంపు. 0.391 వస్తుంది. హార్పర్‌కి 2985, 1200 కలిపి సగటు 0.341, దానికి 5.4 శాతం పెంచితే 0.359.

వచ్చే ఏడాది ఎన్ని దఫాలు దొరుకుతాయో చెప్పడానికీ మార్సెల్‌లో సూత్రం ఉంది: తాజా సీజన్ దఫాల్లో సగం, దాని ముందు సీజన్‌లో పదో వంతు, వాటికి 200. ట్రౌట్‌కి 533, హార్పర్‌కి 499. ఈ అంకెలతో పరుగుల సూత్రం మళ్లీ నడిపితే ట్రౌట్‌కి 33, హార్పర్‌కి 18. మొదట 31గా కనబడిన తేడా 15కి దిగింది. ఒక మంచి సీజన్ చూసి భవిష్యత్తు అంచనా కట్టేటప్పుడు తేడా ఇలా సగానికి పడిపోవడం మామూలే. సగానికి పడ్డాక కూడా మిగిలేదే నికరమైన ఆధిక్యం.

కొందరు బంతులు హిట్లయ్యే శాతాన్ని ముందు చేత్తో తగ్గించి, ఆ తర్వాత మార్సెల్ కూడా నడుపుతారు. అది ఒకే అదృష్టాన్ని రెండుసార్లు కోయడం. ఏదో ఒకటే చెయ్యండి.

కాళ్లు, చేతులు

బేస్ దొంగిలిస్తే సుమారు 0.2 పరుగు లాభం, దొరికిపోతే 0.4 పరుగు నష్టం. అంటే మూడింట రెండుసార్లు దొంగిలించగలిగితేనే ఆ పని సాగనివ్వాలి. ట్రౌట్ 91 శాతం నెగ్గాడు, నికరంగా 8 పరుగులకి దగ్గర. హార్పర్ 75 శాతం, నికరంగా ఒక పరుగు పైచిలుకు. వేగం అన్నిటికంటే ముందు తగ్గే నైపుణ్యం కాబట్టి భవిష్యత్తు లెక్కలో ఈ 7 పరుగుల తేడాని సగానికి మించి రాయకండి. ట్రౌటే 2014లో 16 బేస్‌లకి పడిపోయాడు.

ఫీల్డింగ్‌లో ఒక్క సీజన్ రేటింగులు బాగా ఊగిసలాడతాయి. వాటికంటే స్థానాన్ని ఎక్కువగా నమ్మండి. ఫ్యాన్‌గ్రాఫ్స్ వాడే స్థాన సవరణలు పూర్తి సీజన్‌కి ఇలా ఉంటాయి: క్యాచర్‌కి 12.5 పరుగులు కలుపుతారు, షార్ట్‌స్టాప్‌కి 7.5, సెంటర్ ఫీల్డర్‌కి 2.5. ఎడమ, కుడి ఫీల్డర్లకు 7.5 తగ్గిస్తారు, ఫస్ట్ బేస్‌కి 12.5, డిజిగ్నేటెడ్ హిట్టర్‌కి (ఫీల్డింగ్ చేయకుండా బ్యాటింగ్ మాత్రమే చేసేవాడికి) 17.5 తగ్గిస్తారు. అంటే సెంటర్‌లో నిలవగలిగినవాడికి, కుడివైపుకి జరగాల్సినవాడికి మధ్య ఏడాదికి 10 పరుగులు, ఒక పూర్తి గెలుపు తేడా.

2012లో హార్పర్ కూడా ఎక్కువ ఆటలు సెంటర్‌లోనే ఆడాడు. అందుకే ఆ ఒక్క ఏడాది కాగితం మీద స్థానం తేడా కనబడదు. అడగాల్సింది "అయిదేళ్ల తర్వాత ఎక్కడుంటాడు?" అని. హార్పర్ స్కూలు రోజుల్లో క్యాచర్. మోకాళ్లు, బ్యాట్ కాపాడుకోవడానికి నేషనల్స్ అతన్ని ఔట్‌ఫీల్డ్‌కి మార్చింది. భుజబలం కుడివైపుకి సరిపోయేది. ట్రౌట్ ఆ జూన్‌లో బాల్టిమోర్‌లో గోడ మీదుగా ఎగిరి జె.జె. హార్డీ హోమ్ రన్‌ని పట్టేశాడు. సెంటర్‌లో ఎక్కువకాలం ఉండేవాడు అతనే అని అప్పుడే చెప్పగలిగేవాళ్లం. దీనికి ఏడాదికి 3 నుంచి 5 పరుగులు వెయ్యండి, పూర్తి పది వెయ్యకండి. ఎందుకంటే అది ఇంకా జరగలేదు.

మొత్తం కూడితే వచ్చే ఏడాదికి 20 నుంచి 23 పరుగులు, రెండు గెలుపులకు కొంచెం పైన, ట్రౌట్ వైపు.

వయసు దగ్గర ఉచ్చు

ఇద్దరికీ మధ్య 14 నెలల తేడా. హార్పర్ పక్షంవాళ్లు ఇక్కడ బలంగా కొడతారు. "19 ఏళ్ల వయసులో పోల్చు" అంటారు. 19 ఏళ్లప్పుడు ట్రౌట్ 40 ఆటల్లో 0.220 బ్యాటింగ్ సగటు తెచ్చుకున్నాడు. హార్పర్ 22 హోమ్ రన్లు కొట్టాడు, ఇరవై నిండనివాడు ఒక సీజన్‌లో అంతకంటే ఎక్కువ కొట్టింది 1964లో టోనీ కొనిగ్లియారో, 24. వినడానికి ఈ వాదన చాలా గట్టిగా ఉంటుంది.

దీనికి జవాబు నమూనా పరిమాణంలో ఉంది. 135 దఫాల్లో బ్యాటింగ్ సగటు ఏమీ చెప్పదు. స్ట్రైకౌట్ల శాతం 60 దఫాల్లో ఒక రూపానికి వస్తుంది, వాక్‌లకు 120 కావాలి, హోమ్ రన్లకి 170. బేస్ చేరే శాతానికి 460 దఫాలు, బ్యాటింగ్ సగటుకైతే 900కి పైగా కావాలి. కాబట్టి 19 ఏళ్ల హార్పర్‌ని 19 ఏళ్ల ట్రౌట్‌తో పోల్చడం అంటే 597 దఫాల సమాచారాన్ని 135తో పోల్చడం. హార్పర్‌కి వయసు వల్ల వచ్చే లాభాన్ని మార్సెల్‌లోని ఆ 0.6 శాతం కంటే కొంచెం ఎక్కువే ఇవ్వండి. 19 నుంచి 22 మధ్య ఎదుగుదల వేగంగా ఉంటుంది కాబట్టి ఏడాదికి 3, 4 పరుగులు అదనంగా వేసినా తప్పులేదు. అవి వేసినా తేడా ట్రౌట్ వైపే ఉంటుంది, గెలుపున్నర దాకా తగ్గుతుంది.

జీతం, చేతిలో ఉండే ఏళ్లు

జట్టు కట్టే ప్రశ్నలో ఆటగాడి పక్కన అతని ఒప్పందం కూడా కూర్చుంటుంది. మేజర్ లీగ్‌లో 172 రోజులు రోస్టర్‌లో (జట్టు ఆటగాళ్ల జాబితాలో) ఉంటే ఒక సంవత్సరం సర్వీసు. ఆరు సంవత్సరాలు నిండితే ఆటగాడు స్వేచ్ఛగా ఏ జట్టుకైనా వెళ్లొచ్చు. 2012 ఏప్రిల్ 28న పైకి వచ్చిన హార్పర్‌కి ఆ ఏడాది 159 రోజులే పడ్డాయి, 13 తక్కువ. అందుకే నేషనల్స్‌కి అతను 2018 దాకా దక్కాడు. ట్రౌట్‌కి 2011 రోజులు కూడా తోడవడంతో ఏడాది నిండిపోయింది, కొత్త ఒప్పందం లేకపోతే 2017 తర్వాత వెళ్లిపోయేవాడు. అంటే 2012 అక్టోబర్‌లో ట్రౌట్‌వి 5 ఏళ్లు, హార్పర్‌వి 6 ఏళ్లు మిగిలాయి.

ఈ ఆరో ఏడాదిని చాలామంది ఎక్కువగా అంచనా వేస్తారు. మొదటి మూడేళ్లు ఆటగాడు కనీస జీతం దగ్గర ఉంటాడు (ట్రౌట్‌కి 2013లో వచ్చింది 5 లక్షల 10 వేల డాలర్లే). తర్వాత ఆర్బిట్రేషన్ (మధ్యవర్తిత్వంతో జీతం తేల్చే) సంవత్సరాల్లో జీతం బజారు ధరలో సుమారు 40, 60, 80 శాతంగా ఎక్కుతుంది. కాబట్టి చివరి ఏడాది జట్టుకి మిగిలేది 20 శాతమే. అప్పట్లో ఒక గెలుపుకి బజారు ధర 50 లక్షల డాలర్ల చుట్టూ లెక్కకట్టేవారు. నాలుగు గెలుపుల ఆటగాడైతే చివరి ఏడాది ఆదా 40 లక్షలు, ఒక గెలుపు కంటే తక్కువ. హార్పర్ 2018 జీతం 2.16 కోట్ల డాలర్లు దాటింది, ఏమంత చవక కాదు.

ట్రౌట్ ఆధిక్యం మొదటి ఏడాది రెండు గెలుపులు అనుకుని, అనిశ్చితి కోసం ఏటా పదో వంతు తగ్గిస్తూ అయిదేళ్లు కూడితే 8 గెలుపులు. వయసు సవరణ ఉదారంగా వేసి గెలుపున్నరతో మొదలుపెట్టినా 6 మిగులుతాయి. హార్పర్ ఆరో ఏడాది దానికి పోటీ రాదు. 2012 అక్టోబర్ తేదీకి రెండో ప్రశ్న జవాబు ట్రౌట్, సందేహం అవసరం లేనంత తేడాతో.

గాయాలని ఎలా లెక్కించాలి

ఆ తేదీకి ఇద్దరికీ గాయాల చరిత్ర పెద్దగా లేదు, అందుకే ఈ కాలమ్ ఖాళీగానే ఉంటుంది. మీ జంట వయసు ఎక్కువవాళ్లయితే మాత్రం ఇది ముఖ్యమైన కాలమ్. గాయాన్ని రోజుల్లో కాకుండా రకంలో రాయండి.

ఢీకొనడం, జారడం, బంతి తగలడం వల్ల వచ్చేవి ఒక రకం. హార్పర్ 2013లో డాడ్జర్ స్టేడియం గోడకి గుద్దుకున్నాడు, 2014లో మూడో బేస్‌లోకి జారి బొటనవేలికి గాయమై వంద ఆటలే ఆడాడు, 2017లో తడిసిన బేస్ మీద కాలు జారింది. ఇవి ఆటతీరుని బట్టి వస్తాయి, ఆటతీరు మారితే తగ్గుతాయి. పిక్క, వెన్ను, మోకాలి మృదులాస్థి లాంటివి ఇంకో రకం. ఇవి ఒకసారి మొదలైతే తిరిగొస్తాయి. ట్రౌట్‌కి 2021లో పిక్క, 2022లో వెన్ను, 2024లో మోకాలు. మొదటి రకానికి తర్వాతి ఏళ్ల దఫాల్లో 5 శాతం కోస్తే చాలు. రెండో రకం 28 ఏళ్లు దాటాక వస్తే 15 నుంచి 20 శాతం కోయండి. ఈ శాతాలు చేతి అంచనాలే. మీ వాదనలో ఇద్దరూ ఒప్పుకున్న అంకె ఏదైనా వాడొచ్చు, కానీ ఆటగాడి పేరు చూడకముందే ఒప్పుకోండి.

ఆడిన ఆటలు కూడి చూడండి. 2012 నుంచి 2016 దాకా ట్రౌట్ 771, హార్పర్ 657. 2021 నుంచి 2024 దాకా ట్రౌట్ 266, హార్పర్ 511. ఏ ఏళ్లు చూపించి వాదిస్తే ఆ ఏళ్లకి తగ్గ పేరు గెలుస్తుంది. మొదట్లో తేదీ రాయమన్నది ఇందుకే.

మిగతా ఎనిమిది మంది

క్రికెట్ కళ్లతో చూసేవాళ్లకి ఇక్కడ ఒక దృష్టి మార్పు కావాలి. టీ20లో ఓపెనర్ నిలబడితే సగం బంతులు అతనే ఆడొచ్చు. బేస్‌బాల్‌లో బ్యాటింగ్ వరస తిరుగుతూనే ఉంటుంది. ఆటకి జట్టంతటికీ 38 దఫాలు వస్తే ఎంతటి స్టార్‌కైనా నాలుగు, అయిదు. చివరి ఇన్నింగ్స్‌లో ఇద్దరు బేస్‌ల మీద ఉన్నప్పుడు అతని వంతే వస్తుందన్న భరోసా లేదు.

అంకెల్లో చెప్పాలంటే, మైనర్ లీగ్ నుంచి ఎప్పుడైనా దొరికే స్థాయి ఆటగాళ్లతో నింపిన జట్టు 162 ఆటల్లో సుమారు 48 గెలుస్తుంది. ప్లేఆఫ్‌కి (సీజన్ చివరి నాకౌట్ దశకి) సుమారు 90 కావాలి. లోటు 42. ట్రౌట్ 2012లో వార్ (అలాంటి సులువుగా దొరికే ఆటగాడి కంటే ఎన్ని గెలుపులు ఎక్కువ తెచ్చాడో చెప్పే అంకె) లెక్కన దాదాపు 10 గెలుపులు తెచ్చాడు, లీగ్‌లో అందరికంటే ఎక్కువ. అయినా ఇంకా 32 మిగతావాళ్ల నుంచి రావాలి. అందులోనూ సగానికి దగ్గరగా పిచ్చర్లు తేవాలి.

కాబట్టి స్టార్‌ని ఎంచుకున్న వెంటనే పక్క కాలమ్‌లో "ఇతని వల్ల మిగిలే డబ్బు ఎవరి మీద పెడతాను?" అని రాసి నింపండి. ట్రౌట్ దాదాపు కనీస జీతానికి ఆడిన 2012, 2013 సంవత్సరాలే ఏంజెల్స్‌కి బంగారు అవకాశం. ఆ డబ్బు 10 ఏళ్ల 24 కోట్ల డాలర్లకి ఆల్బర్ట్ పుహోల్స్ మీద, 5 ఏళ్ల 12.5 కోట్లకి జోష్ హామిల్టన్ మీద వెళ్లింది. ఇద్దరూ ముప్పై దాటినవాళ్లే. పిచ్చింగ్ పలచగా ఉండిపోయింది. ట్రౌట్ కెరీర్‌లో 2025 సీజన్ దాకా ఏంజెల్స్ ప్లేఆఫ్‌కి వెళ్లింది 2014లో ఒక్కసారి, అదీ రాయల్స్ చేతిలో వరసగా మూడు ఓడి వచ్చేసింది. నేషనల్స్ 2012, 2014, 2016, 2017లో డివిజన్ గెలిచింది. హార్పర్ వెళ్లిపోయిన 2019లో షెర్జర్, స్ట్రాస్‌బర్గ్, రెండన్, సోటోలతో ప్రపంచ టైటిల్ కొట్టింది. దీన్ని హార్పర్ మీద నేరంగా రాసేవాళ్లున్నారు. అది తప్పు లెక్క. నలుగురిని చుట్టూ పేర్చిపెట్టిన యాజమాన్యానికి దక్కాల్సిన మార్కులవి.

తేదీ మార్చి మళ్లీ నడపండి: 2019 మార్చి

ఒకసారి షీటు తయారయ్యాక తేదీ మార్చి మూడో ప్రశ్నకి వాడండి. 2019 మార్చిలో హార్పర్ ఫిలడెల్ఫియా ఫిల్లీస్‌తో 13 ఏళ్లకి 33 కోట్ల డాలర్లు ఒప్పుకున్నాడు, మధ్యలో వెళ్లిపోయే వీలు లేకుండా. అదే నెలలో ట్రౌట్ 12 ఏళ్లకి 42.65 కోట్లు.

లగ్జరీ ట్యాక్స్‌కి (జట్టు జీతాల మొత్తం ఒక పరిమితి దాటితే కట్టాల్సిన పన్నుకి) లెక్కించేది సంవత్సర సగటు. హార్పర్‌కి 2.54 కోట్లు, ట్రౌట్‌కి 3.55 కోట్లు. ఆ ఏడాది పరిమితి 20.6 కోట్లు. అంటే ఒకరు 12 శాతం, ఇంకొకరు 17 శాతం మింగేస్తారు. ఏటా కోటి డాలర్ల తేడా. 2019 ధరల్లో ఒక గెలుపుకి 80 లక్షల చొప్పున చూస్తే అది గెలుపుకి కొంచెం పైన. అప్పటికి ట్రౌట్ ఆధిక్యం ఏడాదికి మూడు గెలుపులకు తక్కువ కాదు. కాబట్టి కాగితం మీద అప్పుడూ ట్రౌటే. కాకపోతే రెండు అంశాలు తేడాని కుదించాయి. ట్రౌట్ ఒప్పందం 38 ఏళ్ల దాకా, అతని విలువలో సెంటర్ ఫీల్డ్, కాళ్లు పెద్ద భాగం. హార్పర్ విలువ ఎక్కువగా బ్యాట్, వాక్‌లు. 2018లో 130 వాక్‌లు తీసుకున్నాడు. ఇలాంటి విలువ వయసుతో నెమ్మదిగా తగ్గుతుంది, స్థానం మారినా పోదు.

మూడో ప్రశ్నకి అందుకే ఒక అదనపు కాలమ్ పెట్టండి: "పరుగెత్తలేని రోజున ఇతను ఎక్కడ ఆడతాడు?" నేషనల్ లీగ్‌లో డిజిగ్నేటెడ్ హిట్టర్ 2022లో శాశ్వతమైంది. మోచేయి దెబ్బతిన్న హార్పర్ ఆ ఏడాది ఎక్కువగా ఆ స్థానంలోనే ఆడి, లీగ్ ఛాంపియన్‌షిప్ సిరీస్ ఎంవీపీ అయి ఫిల్లీస్‌ని వరల్డ్ సిరీస్‌కి తీసుకెళ్లాడు. 2023లో టామీ జాన్ సర్జరీ (మోచేతి లిగమెంట్ శస్త్రచికిత్స) తర్వాత 160 రోజులకే తిరిగొచ్చి ఫస్ట్ బేస్‌కి మారాడు. స్థానం సవరణలో సెంటర్ నుంచి ఫస్ట్ బేస్‌కి 15 పరుగులు పోతాయి, కానీ బ్యాట్ జట్టులో ఉంటుంది. 2025లో ట్రౌట్ కూడా మోకాలి కోసం సెంటర్ వదిలి ముందు కుడివైపుకి, తర్వాత డిజిగ్నేటెడ్ హిట్టర్‌గా మారాడు, 130 ఆటలు ఆడగలిగాడు.

అమెరికాలో ఆఫీసు స్నేహితులతో ఫ్యాంటసీ లీగ్ ఆడే తెలుగువాళ్లు ఈ షీటుని ఉన్నదున్నట్టు వాడకండి. ఫ్యాంటసీలో ఫీల్డింగ్‌కి పాయింట్లు ఉండవు, ఆర్‌బీఐకి ఉంటాయి, దొంగిలించిన బేస్‌కి అసలు బేస్‌బాల్‌లో కంటే చాలా ఎక్కువ విలువ ఉంటుంది. ఏటేటా ఆటగాళ్లని అట్టేపెట్టుకునే డైనస్టీ లీగ్ అయితే స్థానం సవరణ తీసేసి, మీ లీగ్ లెక్కించే విభాగాలే కాలమ్‌లుగా పెట్టి, వయసు, గాయాల భాగాలు మాత్రం ఇలాగే ఉంచండి.

తీర్పు రాసేటప్పుడు పేరుతో పాటు తేడాని, దాని కింద "ఏది మారితే నా జవాబు మారుతుంది" అన్న ఒక వాక్యాన్ని రాయండి. 2012కి అది ఇలా ఉంటుంది: ట్రౌట్, ఏడాదికి గెలుపున్నర నుంచి రెండు, సెంటర్ ఫీల్డ్ నుంచి మూడేళ్లలోపు కదలాల్సివస్తే, స్ట్రైకౌట్లు 28 శాతం దాటితే మళ్లీ చూడాలి. ఏటా అక్టోబర్‌లో సీజన్ అంకెలు ఎక్కించి ఆ వాక్యాన్ని పరీక్షించండి. తేడా ఏడాదికి అర గెలుపు కంటే తక్కువకి దిగితే అది అంచనా పొరపాటులో కలిసిపోయినట్టే. అప్పుడు ఇద్దరిలో తక్కువ జీతమున్నవాడిని తీసుకుని, మిగిలిన డబ్బుతో పిచ్చర్‌ని వెతకండి.